అంతర్జాతీయ ఆంక్షలు – ఓపెన్ సోర్స్ సాఫ్ట్‌వేర్

అంతర్జాతీయ ఆంక్షలంటే ఒక దేశంతోనో, సంస్థతోనో, వ్యక్తితోనో లావాదేవీలు జరపకూడదని ఐక్యరాజ్యసమితి గానీ కొన్ని దేశాలు గానీ పెట్టే నిషేధాలు. చమురు, ఆయుధాలు, బ్యాంకు ఖాతాల కోసం పుట్టిన ఈ నిషేధాలు క్రమంగా ఓపెన్ సోర్స్ సాఫ్ట్‌వేర్ దాకా వచ్చాయి. ఎవరైనా చదువుకోవచ్చు, మార్చుకోవచ్చు, పంచుకోవచ్చు అని లైసెన్సులోనే రాసి ఇచ్చిన కోడ్‌కు సరిహద్దులేమిటని చాలామంది అడుగుతారు. కోడ్ వరకు ఆ ప్రశ్న సబబే. అయితే కోడ్ రాసే మనిషికి ఒక ఊరుంటుంది, జీతమిచ్చే కంపెనీ ఉంటుంది. కోడ్‌ను భద్రపరిచే సర్వర్ ఏదో ఒక దేశపు చట్టం కింద నడుస్తుంది. ఆంక్షలు పట్టుకునేది వీటిని. అందుకే లైనక్స్ అనే ఓపెన్ సోర్స్ ఆపరేటింగ్ సిస్టమ్‌ను ఉత్తర కొరియా రాజధాని ప్యాంగ్యాంగ్‌లో వాడుకోవడాన్ని ఏ ఆంక్షా ఆపలేకపోయింది. ఏళ్ళ తరబడి అదే లైనక్స్‌లో పనిచేసిన మనిషి పేరు మాత్రం ఒక్క రోజులో చెరిగిపోగలిగింది.

చట్టం ఎక్కడ పట్టుకుంటుంది

సాఫ్ట్‌వేర్ రంగం మీద అన్నిటికన్నా బరువుగా పడేవి అమెరికా ఆంక్షలు. కోడ్ దాచి పంచుకునే వేదిక గిట్‌హబ్, లైనక్స్ ఫౌండేషన్, అపాచీ సాఫ్ట్‌వేర్ ఫౌండేషన్, పైథాన్ సాఫ్ట్‌వేర్ ఫౌండేషన్ అన్నీ అమెరికాలో నమోదైన సంస్థలే. అక్కడ ఈ వ్యవహారం రెండు శాఖల చేతిలో ఉంటుంది. మొదటిది వాణిజ్య శాఖ. దేశం దాటి వెళ్ళే వస్తువులు, సాంకేతిక పరిజ్ఞానం దాని పరిధిలోకి వస్తాయి. అందరికీ బహిరంగంగా ప్రచురించిన సాఫ్ట్‌వేర్ మాత్రం ఎగుమతి నియమాల కిందికే రాదని ఆ శాఖ నిబంధనలు చెబుతాయి. ఓపెన్ సోర్స్‌కున్న పెద్ద రక్షణ ఇదే.

రెండోది ట్రెజరీ శాఖలోని విదేశీ ఆస్తుల నియంత్రణ కార్యాలయం, పొడి అక్షరాల్లో ఓఎఫ్‌ఏసీ. 1977 నాటి అత్యవసర ఆర్థిక అధికారాల చట్టం దీనికి ముఖ్యమైన ఆధారం. ఇది నిషిద్ధుల జాబితా ఒకటి నడుపుతుంది. జాబితాలో ఉన్నవారికి ఒక కంపెనీలో సగం గానీ అంతకు మించి గానీ వాటా ఉంటే, ఆ కంపెనీ పేరు విడిగా లేకపోయినా ఉన్నట్టే లెక్క. వారికి డబ్బు ఇవ్వకూడదు, సరుకు అమ్మకూడదు, సేవ చేయకూడదు. ఉద్దేశం లేకుండా చేసినా జరిమానా పడవచ్చు. తెలిసి చేస్తే 20 ఏళ్ళ జైలు, 10 లక్షల డాలర్ల దాకా శిక్ష. ఇంత శిక్ష తల మీద వేలాడుతుంటే సంస్థల న్యాయవాదులు చట్టం అడిగిన దానికన్నా నాలుగడుగులు వెనక్కే నిలబడతారు. ఆంక్షల వల్ల జరిగే నష్టంలో చాలా భాగం ఈ వెనకడుగుల నుంచి వచ్చిందే.

‘సేవ’ అన్న మాట దగ్గర అసలు చిక్కుంది. ఒకరు పంపిన ప్యాచ్‌ను, అంటే కోడ్‌లో చేయాల్సిన మార్పును, చదివి, ఇక్కడ తప్పుంది, ఇలా మార్చి పంపమని చెప్పడం సేవ అవుతుందా? ఈ ప్రశ్న సాఫ్ట్‌వేర్ కన్నా ముందు శాస్త్ర పత్రికలకు ఎదురైంది. పుస్తకాలు, సినిమాల వంటి సమాచార సామగ్రిని ఆంక్షల నుంచి మినహాయిస్తూ అమెరికా పార్లమెంటు 1988లో ఒక సవరణ చేసి, 1994లో దాన్ని విస్తరించింది. ఓఎఫ్‌ఏసీ దాన్ని ఇరుకుగా చదివింది. అప్పటికే పూర్తయిన రచనకే మినహాయింపు వర్తిస్తుంది, రచయితతో కలిసి దాన్ని మెరుగుపరచడానికి వర్తించదు అంది. ఇరాన్ శాస్త్రవేత్తల వ్యాసాలను దిద్దడానికి లైసెన్సు కావాలని 2003లో ఎలక్ట్రికల్ ఇంజినీర్ల సంస్థ ఐఈఈఈకి చెప్పింది. పెద్ద గొడవే జరిగింది. ఇరాన్‌కు చెందిన నోబెల్ శాంతి బహుమతి గ్రహీత షిరీన్ ఎబాదీ తన జ్ఞాపకాలను అమెరికాలో ప్రచురించుకోవడానికి కోర్టుకెక్కాల్సి వచ్చింది. 2004 ఏప్రిల్‌లో ఐఈఈఈకి, ఆ డిసెంబరులో ప్రచురణకర్తలందరికీ వెసులుబాటు దొరికింది.

పత్రికలకు దొరికిన ఆ వెసులుబాటు సాఫ్ట్‌వేర్‌కు అంత స్పష్టంగా దొరకలేదు. ఓపెన్ సోర్స్‌లో పూర్తయిన రచన అంటూ ఉండదు. ప్యాచ్ వస్తుంది, దాని మీద చర్చ జరుగుతుంది, రెండో రూపం, మూడో రూపం వస్తాయి. పని జరిగేదే ఈ ఇచ్చిపుచ్చుకోవడంలో. చట్టం పూర్తయిన వస్తువును వదిలిపెట్టి, కలిసి చేసే పనిని పట్టుకుంటుంది. ఓపెన్ సోర్స్ అంటేనే కలిసి చేసే పని కనుక దెబ్బ సరిగ్గా ప్రాణం ఉన్న చోట తగులుతుంది.

లైసెన్సులు మాత్రం ఈ విషయంలో గట్టిగా నిలబడ్డాయి. ఏ వ్యక్తి మీదా, సమూహం మీదా వివక్ష చూపకూడదన్నది 1998 నాటి ఓపెన్ సోర్స్ నిర్వచనంలో ఐదో నియమం. ఎగుమతి చట్టాలున్నాయి జాగ్రత్త అని లైసెన్సు గుర్తుచేయవచ్చు గానీ ఆ నిషేధాన్ని తన షరతుగా పెట్టుకోకూడదని దాని వివరణ చెబుతుంది. అంటే ఇరాన్ విద్యార్థికీ, క్యూబా వైద్యుడికీ లైసెన్సు ఇచ్చిన హక్కును అమెరికా చట్టం రద్దు చేయదు. ఆ హక్కును వాడుకునే దారులను మూసేస్తుంది.

గుప్తలిపి కాలం

ఈ తగాదా తొలి రూపం 1990లలో కనిపిస్తుంది. అప్పట్లో అమెరికా చట్టంలో బలమైన ఎన్‌క్రిప్షన్ సాఫ్ట్‌వేర్ ఆయుధాల జాబితాలో ఉండేది. 1991లో ఫిల్ జిమ్మర్‌మన్ విడుదల చేసిన పీజీపీ అనే ఎన్‌క్రిప్షన్ ప్రోగ్రాము దేశం దాటిందని ఆయన మీద దర్యాప్తు మొదలై, 1996 జనవరిలో అభియోగం లేకుండానే ముగిసింది. ఈలోగా ఎంఐటీ ప్రెస్ 1995లో పీజీపీ కోడ్‌ను పుస్తకంగా అచ్చేసింది. ఫ్లాపీలో పంపితే నేరం, కాగితం మీద పంపితే వాక్ స్వాతంత్ర్యం! తర్వాతి రూపం పీజీపీ 5.0ను కూడా పుస్తకాలుగా యూరప్‌కు పంపారు. అక్కడి స్వచ్ఛంద కార్యకర్తలు వేల పేజీలను స్కాన్ చేసి, తప్పులు దిద్ది, మళ్ళీ ప్రోగ్రాముగా నిలబెట్టారు. అది చాకిరీయే, కానీ చట్టం తెరిచి ఉంచిన తలుపు అదొక్కటే.

అదే దశాబ్దంలో డేనియల్ బెర్న్‌స్టీన్ అనే గణిత పరిశోధకుడు వేసిన దావాలో కాలిఫోర్నియా ఫెడరల్ కోర్టు 1996లో సోర్స్ కోడ్ కూడా ఒక భాషణమేనని తేల్చింది. 2000 జనవరిలో నియమాలు సడలాయి. బహిరంగంగా ఉంచే ఎన్‌క్రిప్షన్ కోడ్‌కు ప్రభుత్వానికి ఒక ఈమెయిల్ పంపితే సరిపోయేది. ప్రామాణిక పద్ధతులు వాడే కోడ్‌కు 2021లో ఆ ఈమెయిల్ కూడా అక్కర్లేకుండా పోయింది. నియమాలు కఠినంగా ఉన్న ఆ రోజుల్లో ఓపెన్‌బీఎస్‌డీ అనే ఆపరేటింగ్ సిస్టమ్ ప్రాజెక్టు కెనడాలోని కాల్గరీ నుంచి నడిచింది. అమెరికా బయటే ఎన్‌క్రిప్షన్ పని చేసుకోగలగడం దానికి పెద్ద బలమైంది. లైనక్స్ పంపిణీల్లో ఒకటైన డెబియన్ తన ఎన్‌క్రిప్షన్ ప్యాకేజీలను అమెరికా వెలుపల విడి భాండాగారంలో ఉంచి, 2002లో ప్రధాన భాండాగారంలో కలిపింది. సర్వర్ ఏ దేశంలో ఉంటే ఏ చట్టం వర్తిస్తుందన్న పాఠం అప్పుడు నేర్చుకున్నదే.

ఇరాన్, సిరియా, క్రిమియా: మూతపడిన ఖాతాలు

2010 జనవరిలో కోడ్ పంచుకునే వేదిక సోర్స్‌ఫోర్జ్ ఇరాన్, క్యూబా, ఉత్తర కొరియా, సిరియా, సూడాన్ వాడుకరులను అడ్డుకుంది. విమర్శలు రావడంతో మరుసటి నెలలోనే ఆ నిర్ణయాన్ని ప్రాజెక్టుల నిర్వాహకులకే వదిలేసింది. 2019 జులైలో గిట్‌హబ్ వంతు వచ్చింది. అంతకు ఏడాది ముందే మైక్రోసాఫ్ట్ దాన్ని 750 కోట్ల డాలర్లకు కొంటున్నట్టు ప్రకటించింది. ఇరాన్, సిరియా, క్రిమియాలలోని వాడుకరుల ప్రైవేటు రిపాజిటరీలు (కోడ్ దాచుకునే చోట్లు), డబ్బు కట్టే ఖాతాలు ముందు మాట లేకుండా ఆగిపోయాయి. బహిరంగ రిపాజిటరీలు అందుబాటులోనే ఉన్నాయి. వినడానికి ఇది చిన్న ఇబ్బందిలా ఉంటుంది. కానీ తన కోడ్ తనకే అందకుండా పోయిన ప్రోగ్రామర్‌కు బహిరంగ రిపాజిటరీ తెరిచి ఉందన్న మాట ఊరటనివ్వదు.

ఒకరు ఏ దేశంలో ఉన్నారన్నది ఐపీ చిరునామా వంటి గుర్తులను బట్టి తేల్చేవారు. యంత్రం వేసే ఈ అంచనా తప్పితే అమాయకులు ఇరుక్కుంటారు. 2020 మార్చిలో అరీలియా అనే వెబ్ ఫ్రేమ్‌వర్క్ ప్రాజెక్టు పొరపాటున ఆంక్షల పేరిట మూతపడింది. గిట్‌హబ్ తప్పు ఒప్పుకుని తిరిగి తెరిచింది.

గిట్‌హబ్ ఇక్కడితో ఆగిపోలేదని ఒప్పుకోవాలి. సుమారు రెండేళ్ళు ఓఎఫ్‌ఏసీ చుట్టూ తిరిగింది. ప్రోగ్రామర్ల మధ్య రాకపోకలు అమెరికా విదేశాంగ ప్రయోజనాలకూ మేలేనని వాదించి, 2021 జనవరిలో ఇరాన్‌కు పూర్తి సేవలు అందించే లైసెన్సు తెచ్చుకుంది. 2025లో సిరియా మీద అమెరికా ఆంక్షలు సడలాక ఆ సెప్టెంబరులో అక్కడివారికీ తలుపులు తెరిచింది. చట్టం మారకపోయినా అడిగితే దారి దొరుకుతుందని ఇరాన్ లైసెన్సు చూపించింది. కాకపోతే న్యాయవాదులను పెట్టుకుని రెండేళ్ళు ఓపిక పట్టగల స్తోమత ఎన్ని ప్రాజెక్టులకుంటుంది? నలుగురైదుగురు స్వచ్ఛందంగా నడిపే లైబ్రరీకి అలాంటి ఊసే ఉండదు.

లైనక్స్ కెర్నెల్, 2024 అక్టోబరు

ఈ చరిత్రలో అన్నిటికన్నా ఎక్కువ గాయం చేసిన ఘటన ఇదే. లైనక్స్‌కు గుండెకాయ వంటి కెర్నెల్ కోడ్‌లో మెయింటెయినర్స్ (నిర్వాహకులు) అనే ఫైలు ఒకటుంటుంది. ఏ డ్రైవరు బాధ్యత ఎవరిదో, దాని ప్యాచ్‌లు ఎవరికి పంపాలో అందులో పేర్లతో సహా ఉంటుంది. ఆ ఫైలులో పేరుండటం జీతం తెచ్చేది కాదు, గౌరవం తెచ్చేది. ఏళ్ళ తరబడి పనిచేసి, నమ్మకం సంపాదించుకున్నవారికి దక్కే చోటు అది.

2024 అక్టోబరు మూడో వారంలో, కెర్నెల్ 6.12 విడుదలకు సన్నాహాలు సాగుతుండగా, సీనియర్ మెయింటెయినర్ గ్రెగ్ క్రోవా-హార్ట్‌మన్ చేసిన ఒక మార్పు పది పన్నెండు మంది పేర్లను ఆ ఫైలు నుంచి తొలగించింది. చాలావరకు రష్యా ఈమెయిల్ చిరునామాలు ఉన్నవారే. వివిధ నిబంధనలు పాటించాల్సి రావడం వల్ల అని మాత్రమే కారణం రాశారు. తగిన పత్రాలు చూపిస్తే తిరిగి రావచ్చన్నారు. ఏ నిబంధన, ఏ పత్రాలు, ఎవరికి చూపాలి అన్నది లేదు. కెర్నెల్‌లో ఒక్క వరుస మార్చడానికి వారాల తరబడి బహిరంగ చర్చ జరిగే చోట ఈ మార్పు చర్చ లేకుండా చేరిపోయింది.

ప్రశ్నలు వెల్లువెత్తాయి. లైనక్స్ సృష్టికర్త లైనస్ టోర్వాల్డ్స్ అక్టోబరు 23న కటువుగా జవాబిచ్చారు. తొలగింపు ఎందుకో అందరికీ తెలిసిందేననీ, దాన్ని వెనక్కి తీసుకునేది లేదనీ చెప్పారు. తాను ఫిన్‌లాండ్ వాడిననీ, రష్యా దండయాత్రను సమర్థిస్తానని ఆశించవద్దనీ అన్నారు. యుద్ధం మీద ఆయన ఆవేదన అర్థం చేసుకోదగ్గదే. ఉక్రెయిన్ మీద జరుగుతున్న దాడి ముందు ఒక ఫైలులోని పేర్లు చిన్న విషయమన్న మాట కూడా నిజం. అయినా ఆ జవాబు న్యాయపరమైన కారణాన్నీ దేశాభిమానాన్నీ కలగలిపేసింది. దాంతో తొలగించినది చట్టం కోసమా, జాతి చూసా అన్న అనుమానం బలపడింది.

సరైన వివరణ మర్నాడు జేమ్స్ బాటమ్‌లీ అనే సీనియర్ మెయింటెయినర్ నుంచి వచ్చింది. పనిచేసే కంపెనీ ఓఎఫ్‌ఏసీ నిషిద్ధ జాబితాలో ఉన్నా, అలాంటి కంపెనీ చేతిలో ఉన్నా ఆ ఫైలులో ఉండటం కుదరదని న్యాయవాదుల సలహాను ఆయన స్పష్టంగా చెప్పారు. లైనక్స్ మౌలిక వసతులు, చాలామంది మెయింటెయినర్లు అమెరికాలోనే ఉన్నందున ఆ చట్టాన్ని కాదనలేమన్నారు. తొలగించినవారి కృషిని ఆయన మనస్ఫూర్తిగా గుర్తుచేసుకున్నారు. ఆ నాలుగు మాటలే మొదటి రోజు, తొలగింపుకు ముందు, ఆ వ్యక్తులకు నేరుగా రాసి ఉంటే? చట్టం తొలగించమంటుంది గానీ చెప్పకుండా తొలగించమనదు. ఈ తేడాను గుర్తించకపోవడం కెర్నెల్ పెద్దలు చేసిన పొరపాటని ఈ వ్యాసకర్త అభిప్రాయం.

దీనికి ముందే సూచనలు కనిపించాయి. 2023 మార్చిలో రష్యా ప్రాసెసర్ల కంపెనీ బైకల్ ఎలక్ట్రానిక్స్ ఉద్యోగి పంపిన నెట్‌వర్క్ డ్రైవర్ ప్యాచ్‌లను, ఆ సంస్థ నుంచి తీసుకోవడం తమకు ఇబ్బందని చెప్పి నెట్‌వర్కింగ్ మెయింటెయినర్ తిప్పిపంపారు. ప్యాచ్‌లో సాంకేతిక దోషం ఉందని ఆయన అనలేదు. బైకల్ చిప్పులు అమ్ముడుపోకుండా చేయడం ఆంక్షల ఉద్దేశం. ఆ డ్రైవరు కుటుంబానికి చెందిన నెట్‌వర్క్ చిప్పులను ప్రపంచమంతా వాడుతుంది. దిద్దుబాటు ఆగితే నష్టం రష్యాకే పరిమితం కాదు.

లైనక్స్ ఫౌండేషన్ 2025 జనవరిలో మార్గదర్శకం విడుదల చేసింది. నిషిద్ధుల నుంచి ఏకపక్షంగా వచ్చినదాన్ని చూడటం వేరు, వారితో రెండువైపులా సంప్రదింపులు జరుపుతూ కోడ్ మెరుగుపరచడం వేరు అన్నది దాని సారం. రెండోదే ప్రమాదకరమంది. 2003లో ఇరాన్ శాస్త్రవేత్తల వ్యాసాల దగ్గర గీసిన గీతే ఇరవై ఏళ్ళ తర్వాత ప్యాచ్‌ల మధ్య మళ్ళీ కనిపించింది.

కోడ్‌నే నిషేధించిన సందర్భం

మనుషుల్ని కాక ప్రోగ్రామునే జాబితాలో పెడితే ఏమవుతుందో టొర్నాడో క్యాష్ చూపించింది. అది క్రిప్టో కరెన్సీ జాడ తెలియకుండా కలిపేసే ఓపెన్ సోర్స్ ప్రోగ్రాము. ఉత్తర కొరియా హ్యాకర్లు దొంగసొమ్ము దాచడానికి వాడారంటూ 2022 ఆగస్టు 8న ఓఎఫ్‌ఏసీ దాన్ని నిషేధించింది. గిట్‌హబ్ వెంటనే దాని రిపాజిటరీని తీసేసి, రాసినవారి ఖాతాలు ఆపేసింది. జాన్స్ హాప్కిన్స్ విశ్వవిద్యాలయంలో గుప్తలిపి పాఠాలు చెప్పే మాథ్యూ గ్రీన్ బోధన కోసం ఆ కోడ్ ప్రతిని మళ్ళీ బహిరంగంగా ఉంచారు. కోడ్ చదవడం, చర్చించడం, పాఠంగా చెప్పడం నిషిద్ధం కాదని సెప్టెంబరులో ఓఎఫ్‌ఏసీ వివరణ ఇచ్చాక గిట్‌హబ్ రిపాజిటరీని పునరుద్ధరించింది. ఎవరూ మార్చలేని స్మార్ట్ కాంట్రాక్టులు (టొర్నాడో క్యాష్‌లో తమంతట తామే నడిచే ప్రోగ్రాములు) ఎవరి ఆస్తీ కావు కనుక వాటిని నిషేధించే అధికారం ఓఎఫ్‌ఏసీకి లేదని 2024 నవంబరులో అప్పీలు కోర్టు తీర్పిచ్చింది. 2025 మార్చిలో ఆ పేరు జాబితా నుంచి తొలగింది.

చోటు మార్చినవారు, సొంత ఇల్లు కట్టుకున్నవారు

2019 మేలో చైనా కంపెనీ హువావే అమెరికా వాణిజ్య శాఖ ఎంటిటీ జాబితాలోకి, అంటే అనుమతి లేనిదే ఎగుమతులు చేయకూడని సంస్థల జాబితాలోకి, ఎక్కింది. కెర్నెల్‌కు హువావే ఇంజినీర్ల ప్యాచ్‌లు మాత్రం ఆగలేదు. బహిరంగ కోడ్ వాణిజ్య శాఖ నియమాల కిందికి రాదు, హువావే ఓఎఫ్‌ఏసీ నిషిద్ధ జాబితాలో లేదు. ఒకే ‘ఆంక్షలు’ అన్న మాట కింద రెండు జాబితాలు ఎంత వేరుగా పనిచేస్తాయో ఇక్కడ తెలుస్తుంది.

భయం మాత్రం పాకింది. ప్రాసెసర్ల బహిరంగ ప్రమాణం రిస్క్-ఫైవ్‌ను నడిపే సంస్థ 2020లో అమెరికా నుంచి స్విట్జర్లాండ్‌కు మారింది. ఆ ఏడాదే చైనాలో ఓపెన్ఆటమ్ ఫౌండేషన్ ఏర్పడింది, గిట్‌హబ్‌కు బదులుగా గిటీని ప్రభుత్వం ప్రోత్సహించింది. క్యూబా ఇన్ఫర్మాటిక్స్ విశ్వవిద్యాలయం నోవా అనే సొంత లైనక్స్ తయారుచేసుకుంది. ఉత్తర కొరియా రెడ్ స్టార్ అయితే ఫెడోరా అనే లైనక్స్ మీద కట్టిందే. వాడుకరి తెరిచిన ఫైళ్ళ మీద రహస్య గుర్తులు వేసే ఏర్పాటు అందులో ఉందని జర్మన్ పరిశోధకులు 2015లో బయటపెట్టారు. ప్రజల మీద నిఘా పెట్టే ప్రభుత్వానికి కోడ్ ఆటంకం లేకుండా చేరింది. ప్యాచ్ పంపాలనుకున్న ఇరాన్ విద్యార్థికే అడ్డం పడింది.

డబ్బు, వేదికలు

కోడ్ చేరినా డబ్బు చేరదు. స్ట్రైప్ వంటి చెల్లింపు సంస్థలు ఇరాన్‌లో పనిచేయవు. విరాళాలు, బగ్ పట్టినందుకిచ్చే బహుమతులు అక్కడివారికి పంపడం ఎంతో కష్టం. కొత్తవారిని ఓపెన్ సోర్స్‌లోకి తెచ్చే గూగుల్ సమ్మర్ ఆఫ్ కోడ్‌కు ఆంక్షలున్న దేశాల్లో ఉండేవారు అనర్హులు. తొలి అడుగు దగ్గరే వెనక్కి పంపితే పదేళ్ళ తర్వాత మెయింటెయినర్ కాగలిగే మనిషి అక్కడ తయారుకాడు. ఈ నష్టానికి ఏ జాబితాలోనూ పేరుండదు.

భారతదేశం, తెలుగువారు

ఆంక్షలు మనకు కొత్త కాదు. 1998 పోఖ్రాన్ పరీక్షల తర్వాత అమెరికా ఎంటిటీ జాబితాలో భారత సంస్థలెన్నో చేరాయి. శ్రీహరికోట అంతరిక్ష కేంద్రం, హైదరాబాదులోని డీఆర్‌డీఎల్, భారత్ డైనమిక్స్ వాటిలో ఉన్నాయి. ఈ మూడింటి పేర్లూ తొలగింది 2011 జనవరిలో. శ్రీహరికోట ఇంజినీరు అమెరికా నుంచి తెప్పించుకోలేని పరికరాలు ఆ ఏళ్ళలో చాలానే ఉన్నా, బహిరంగ కోడ్ దిగుమతికి ఎవరి అనుమతీ అక్కర్లేదు.

2025 జులైలో ఇంకో రూపం కనిపించింది. రష్యా చమురు సంస్థ రోస్‌నెఫ్ట్‌కు 49 శాతం వాటా ఉన్న నయారా ఎనర్జీపై యూరోపియన్ యూనియన్ ఆంక్షలు పెట్టగానే మైక్రోసాఫ్ట్ దాని ఈమెయిల్ వంటి సేవలు ఆపేసింది. నయారా ఢిల్లీ హైకోర్టుకు వెళ్ళింది, కొన్ని రోజుల్లో సేవలు తిరిగి వచ్చాయి. భారత్ అధికారికంగా ఐక్యరాజ్యసమితి ఆంక్షలనే గుర్తిస్తుంది. అయినా గుజరాత్‌లో చమురు శుద్ధిచేసే కంపెనీ మెయిల్ బ్రస్సెల్స్ నిర్ణయంతో ఆగింది. సొంత సర్వర్‌లో ఓపెన్ సోర్స్ మెయిల్ నడుపుకునేవారికి ఇంత హఠాత్తుగా ఈ పరిస్థితి రాదు.

తెలుగు ఇంజినీర్లకు ఇంకా దగ్గరి విషయం ఒకటుంది. ఓఎఫ్‌ఏసీ లెక్కలో ‘అమెరికా వ్యక్తి’ అంటే పౌరులు, గ్రీన్‌కార్డు ఉన్నవారు, అక్కడ నమోదైన సంస్థలు, వాటి విదేశీ శాఖలు, అంతేగాక అమెరికా గడ్డ మీద ఉన్న ఎవరైనా. హెచ్-1బీ వీసాతో డాలస్‌లో ఉంటూ రాత్రిళ్ళు ఒక ప్రాజెక్టుకు మెయింటెయినర్‌గా పనిచేసే కరీంనగర్ కుర్రాడికి ఈ చట్టం పూర్తిగా వర్తిస్తుంది. నిషిద్ధ కంపెనీ ఉద్యోగి పంపిన ప్యాచ్‌కు జవాబిచ్చే ముందు అతను ఆలోచించాలి. సొంత ఊరికి తిరిగొచ్చి, భారతీయ కంపెనీలో చేరి, అదే ప్యాచ్‌ను తన లాప్‌టాప్‌లో చూస్తే అతను అమెరికా వ్యక్తి కాడు. అప్పటికే గ్రీన్‌కార్డు తీసుకుని ఉంటే మాత్రం, కరీంనగర్‌లో కూర్చున్నా ఆ చట్టం అతని వెంటే ఉంటుంది.